సెల్‌ఫోనులో వెదకుట: కొన్న స్థానము, సంపాదించిన స్థానము

గ్రామ పంచాయతీలకు వేలంపాట క్రొత్త విషయము కాదు. వారపు సంతలో ఆశీలు వసూలు చేయు హక్కును, చెరువులోని చేపలను, చింతచెట్ల ఫలసాయమును ఏటేట పాటపెట్టుట సభ్యులందరు ఎరిగినదే. దండోరా వేయించి, నలుగురి యెదుట ముమ్మారు పిలిచి, హెచ్చుపాట పాడినవానికి హక్కు ఖాయపరచెదరు. అట్టి వేలంపాటయే నేడు మనము సెల్‌ఫోనులో ఒక వస్తువు పేరు టైపుచేసి వెదకునపుడు రెప్పపాటు కాలములో జరిగిపోవుచున్నది. దానికి దండోరా లేదు. పాటదారులు మనకు కనుపింపరు. పాటకు పెట్టబడిన సొత్తు మన చూపు.

ఆ పాట యెట్లు జరుగును, గెలిచినవారు తెరపై ఎచ్చట కూర్చుందురు, పాట పాడకయే పైకి వచ్చువారు ఎట్లు వచ్చుచున్నారు, ఈ రెండు మార్గములలో గ్రామములోని సంఘములు దేనిపై సొమ్మును, దేనిపై శ్రమను వెచ్చింపవచ్చును అను విషయములు ఈ పాఠమున వివరింపబడును.

పట్టణ వర్తకులకు సంబంధించిన ఈ సంగతి పంచాయతీ సభ్యులకేల యని సందేహము కలుగవచ్చును. కారణములు రెండు కలవు. చేనేత సహకార సంఘములకును, మహిళా సంఘములకును, పండ్లతోటల రైతులకును నేడు దళారులు వచ్చి, "మీ సరకు పేరు గూగుల్‌లో అందరికంటె పైన నిలిపెదము, సంవత్సరమునకు ఇంత సొమ్ము ఇండు" అని అడుగుచున్నారు. ఆ సొమ్ము దేనికి పోవునో తెలియకయే తీర్మానము వ్రాయుట ప్రమాదము. ఇక రెండవ కారణము ఇంతకంటె బాధాకరమైనది. బ్యాంకుకో, గ్యాసు కంపెనీకో ఫోను చేయదలచి నంబరు వెదకి, మొదట కనుపించిన నంబరును నమ్మి, దాచుకొన్న డబ్బును మోసగాండ్ర పాలు చేసికొన్నవారు పలు గ్రామములలో ఉన్నారు. అట్టివారు మొదట పరుగెత్తుకొని వచ్చునది వార్డు మెంబరు ఇంటికే.

తెరపై రెండు వరుసలు

"పోచంపల్లి చీర" అని వెదకుదము. తెరనిండ వచ్చు జవాబులన్నియు ఒకే జాతివి కావు. కొన్నిటిపైన "స్పాన్సర్డ్" అను చిన్న మాట యుండును. ఇవి తరచు పైభాగమునను, ఒక్కొక్కప్పుడు అడుగుభాగమునను వచ్చును. ఇవి సొమ్ము చెల్లించి కొన్న స్థానములు. వీనిని చెల్లింపు ఫలితములందము. ఆ మాట లేని తక్కినవి సహజ ఫలితములు. వీనిని శోధన యంత్రము, అనగా సెర్చి ఇంజను, తన లెక్క ప్రకారము ఎన్నిక చేసి వరుసగా పేర్చును. ఈ వరుసలోని స్థానమును గూగుల్ సంస్థ విక్రయింపదు. ఒకే దుకాణము పేరు రెండు వరుసలలోను ఉండవచ్చును; వేలితో నొక్కువానికి రెండును ఒకే దుకాణమునకు దారి తీయును. కాని చెల్లింపు ఫలితముపై నొక్కినచో ఆ దుకాణదారు ఖాతానుండి కొంత సొమ్ము గూగుల్‌కు పోవును. సహజ ఫలితముపై నొక్కినచో దమ్మిడీ పోదు. ఈ భేదమును మనసునందుంచుకొన్నచో తరువాతి విషయములు సులభముగా తెలియును.

సహజ ఫలితముల క్రమము ఎట్లు ఏర్పడునో చూతము. శోధన యంత్రము ముందుగానే కోట్లకొలది వెబ్ పుటలను చదివి, ఏ మాట ఏ పుటలో నున్నదో, వెనుకటి కరణములు అడంగలు వ్రాసినట్లు పట్టికలు వ్రాసి యుంచుకొనును. మనము అడిగినపుడు అది లోకమంతయు తిరుగదు, తన పట్టికలోనే చూచును. పట్టికలో ఒకే మాటకు వేలకొలది పుటలుండగా ముందు దేనిని చూపవలెనన్నది చిక్కు ప్రశ్న. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయములో పరిశోధన చేయుచుండిన లారీ పేజ్, సెర్గీ బ్రిన్ అను ఇరువురు విద్యార్థులు దీనికొక ఉపాయమును కనిపెట్టి, 1998లో గూగుల్ సంస్థను స్థాపించిరి. ఒక పుటనుండి మరియొక పుటకు దారి చూపబడినచో దానిని సిఫారసుగా ఎంచవలెననియు, సిఫారసు చేసిన పుటకే గౌరవము హెచ్చుగ నున్నచో ఆ సిఫారసునకు విలువ హెచ్చనియు వారి సూత్రము. ఎద్దుల జతను బేరమాడునపుడు దారినపోవు పదిమంది మాటకంటె పశులక్షణమెరిగిన ఒక్క పెద్దరైతు మాటకు మనము విలువనిచ్చుట లేదా? అట్టిదే ఇదియు. నేడు ఆ సూత్రముతోపాటు వెదకినవాని ఊరు, భాష, పుటలోని సమాచారము ఎంత క్రొత్తది మొదలైన అనేక విషయములు లెక్కలోనికి వచ్చుచున్నవి.

చెల్లింపు ఫలితముల పుట్టుక వేరు. 1998లోనే బిల్ గ్రాస్ అను అమెరికా వ్యాపారి "గోటు డాట్ కామ్" అను శోధన యంత్రమును నెలకొల్పి, మాటలకు వేలంపాట పెట్టెను. ఒక మాటకు ఎవరు హెచ్చు పాడిరో వారి పుటయే ముందు కనుపించును. ఎవరైన నొక్కినప్పుడే సొమ్ము చెల్లింపవలెను. గూగుల్ 2000 సంవత్సరములో "యాడ్‌వర్డ్స్" అను పేరిట ప్రకటనలు ప్రారంభించి, 2002లో నొక్కుకింత యను వేలంపాట పద్ధతిని తానును చేపట్టెను. 2018లో ఆ శాఖకే "గూగుల్ యాడ్స్" అని పేరు మార్చిరి. ఇందొక విచిత్రము కలదు. పేజ్, బ్రిన్‌లు 1998లో ప్రకటించిన పరిశోధన వ్యాసములోనే, ప్రకటనల సొమ్ముపై బ్రతుకు శోధన యంత్రము వెదకువారి అవసరముకంటె ప్రకటనదారుల వైపే మొగ్గునని హెచ్చరించి యుండిరి. 2024 సంవత్సరములో వారు స్థాపించిన సంస్థకు మాతృసంస్థయైన ఆల్ఫాబెట్ రాబడి సుమారు 35,000 కోట్ల డాలర్లు కాగా, అందు సుమారు 19,800 కోట్ల డాలర్లు శోధనకును తత్సంబంధమైన ప్రకటనలకును చెందినవి.

ప్రకటనను ప్రకటన యని స్పష్టముగ తెలుపవలెనని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషను శోధన సంస్థలకు 2002లో ఒకమారు, 2013లో మరియొకమారు లేఖలు వ్రాసినది. మొదట ప్రకటనల వెనుక రంగు నేల యుండెడిది. 2013లో దానిని తీసి పసుపుపచ్చని చీటీ వంటి గుర్తు పెట్టిరి. 2016లో అది ఆకుపచ్చ ఆయెను. 2019, 2020 సంవత్సరములలో నల్లని అక్షరములైనవి. 2022లో "స్పాన్సర్డ్" అను మాట వచ్చినది. ఈ వరుసను చూచినచో, రంగు మారినకొలది కొన్న స్థానమునకును సంపాదించిన స్థానమునకును గల పోలిక పెరుగుచు వచ్చినదని నా యభిప్రాయము. కండ్లజోడు లేక తెరచూచు వృద్ధులకు ఆ మాట కనుపించునని చెప్పజాలము.

పాట లెక్క

సంత పాటలో హెచ్చు పాడినవాడే గెలుచును. ఇచ్చట అట్లు కాదు. ఒక ఉదాహరణము తీసికొందము. "పట్టుచీర" అను మాటకు ఒక వ్యాపారి నొక్కు ఒక్కింటికి 10 రూపాయలు పాడినాడు. అతని ప్రకటన వెదకినవానికి ఎంతవరకు పనికివచ్చునో అంచనా వేసి గూగుల్ 4 మార్కులు వేసినది. పదిని నాలుగుచే హెచ్చింపగా 40. రెండవ వ్యాపారి పాడినది 6 రూపాయలే. కాని అతని పుట చక్కగా నుండుటచే 8 మార్కులు వచ్చినవి. ఆరును ఎనిమిదిచే హెచ్చింపగా 48. కావున తక్కువ పాడిన రెండవవాడే పైన కూర్చుండును. అతడు ఇచ్చుకొనవలసినదియు 6 రూపాయలు కాదు. తన క్రిందివాని 40ని దాటుటకు ఎంత కావలెనో అంతయే. నలువదిని ఎనిమిదిచే భాగింపగా 5 రూపాయలు, దానిపై స్వల్పము. ఇది అర్థమగుటకై సులభము చేసి చెప్పిన లెక్క. అసలు లెక్కలో వెదకినవాని స్థలము, వేళ, ఫోను రకము మొదలైనవికూడ చేరును.

ఈ లెక్కనుండి ఒక ముఖ్య విషయము తెలియుచున్నది. పుట బాగుగ లేనివాడు అదే స్థానమునకు హెచ్చు సొమ్మునిచ్చుకొనవలసి యుండును. సరకు వివరములు, ధర, ఫోటోలు, చిరునామా సరిగా లేక ప్రకటనపై మాత్రము సొమ్ము కుమ్మరించుట చిల్లికుండతో నీరు తోడుట వంటిది. సహజ ఫలితముల కొరకు పడిన శ్రమ చెల్లింపు ఫలితముల ఖరీదునుకూడ తగ్గించును.

ఏ మాటను పాడవలెనన్నది మరియొక మెలకువ. "చీర" అను ఒంటిమాటను పాడినచో, చీర కట్టు విధానము తెలిసికొనగోరువారు, చీరపై మరకలు పోగొట్టుకొనగోరువారు, చీర బొమ్మ గీయగోరు బడిపిల్లలు అందరును వచ్చి నొక్కి పోవుదురు. నొక్కిన ప్రతివానికి సంఘము చెల్లింపవలసినదే. "పోచంపల్లి ఇక్కత్ పట్టుచీర ధర" అని వెదకువారు కొద్దిమందియే యైనను, వారు కొను ఉద్దేశముతో వచ్చినవారు. ఏయే మాటలు వెదకినవారికి మన ప్రకటన చూపరాదో ఆ నిషేధపు పట్టికనుకూడ ఇచ్చుటకు వీలు కలదు. చాలమంది దళారులు ఈ పట్టిక సంగతి చెప్పరు.

పాటశాల యజమాని ఒక్కడే యైనచో పాట ఖరీదు ఎట్లుండునో సభ్యులకు చెప్పనక్కరలేదు. 2024 ఆగస్టులో అమెరికా ఫెడరల్ న్యాయస్థానము, గూగుల్ శోధన రంగమున చట్టవిరుద్ధముగ ఏకాధిపత్యమును నిలుపుకొన్నదనియు, పోటీ భయము లేకయే ప్రకటనల ధరలను పెంచగలిగినదనియు తీర్పు చెప్పినది.

ఈబే సంస్థ చేసిన పరీక్ష

ప్రకటనకు సొమ్ము పెట్టినపిమ్మట బేరములు వచ్చినవి. కాని అవి ప్రకటన వలననే వచ్చినవా? లేక ప్రకటన లేకున్నను వచ్చియుండెడివా? ఈ ప్రశ్నకు జవాబు తెలియనిదే సొమ్ము గిట్టినదో లేదో చెప్పజాలము. ఎరువు విషయమై వ్యవసాయశాఖవారు ఏమి చేయుదురో రైతులెరుగుదురు. ఒకే పొలములో ఒక మడికి ఎరువు వేసి, ప్రక్కమడికి మానివేసి, పంటను తూచి చూపుదురు. అమెరికాలోని ఈబే అను ఇంటర్నెట్టు వర్తక సంస్థ సరిగా ఇట్టి పరీక్షనే చేసినది. దానిని థామస్ బ్లేక్, క్రిస్ నోస్కో, స్టీవెన్ టాడెలిస్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు నిర్వహించి, 2015లో "ఎకనామెట్రికా" అను పత్రికలో ప్రకటించిరి.

2012 మార్చిలో వారు తమ సంస్థ పేరును, అనగా "ఈబే" అను మాటను వెదకినవారికి చూపు ప్రకటనలను యాహూ, మైక్రోసాఫ్టు శోధన యంత్రములలో నిలిపివేసిరి. రాకపోకలు పడిపోవునని ఎవరైన భయపడుదురు. జరిగిన దేమి? ప్రకటన మీదుగా వచ్చుచుండిన నొక్కులలో 99.5 శాతము వెంటనే క్రిందనున్న సహజ ఫలితము మీదుగా వచ్చినవి. అనగా, తన ఇంటికే వచ్చుచున్న చుట్టమునకు దారిలో బండి మాట్లాడి కూలియిచ్చినట్లు, తన పేరు అడుగుచు వచ్చువారికై సంస్థ సొమ్ము చెల్లించుచుండెను.

ఇంతటితో ఆగక, సంస్థ పేరు లేని తక్కిన మాటల ప్రకటనలనుకూడ అమెరికాలోని సుమారు 30 శాతము ప్రాంతములలో గూగుల్‌లో నిలిపివేసి, నిలుపని ప్రాంతములతో పోల్చి చూచిరి. మొత్తము అమ్మకములలో గుర్తింపదగిన భేదము లేకపోయెను. తరచుగా కొనువారు ప్రకటన యున్నను లేకున్నను కొనుచునే యుండిరి. కాని ఇచ్చట ఒక మినహాయింపు కలదు, అది గ్రామ సంఘములకు చాల ముఖ్యము. ఇంతకుముందు ఆ సంస్థలో ఏమియు కొనని క్రొత్తవారిపైనను, ఎప్పుడో అరుదుగ కొనువారిపైనను ప్రకటన పనిచేసినది. తెలిసినవారిని పిలుచుటకు దండోరా అనవసరము. తెలియనివారికి మాత్రము అది చేరవలెను.

దీనినిబట్టి ప్రకటనలు దండుగ యని తేల్చివేయరాదు. ప్రచారమే ఉద్యోగముగా గల నాకు ప్రకటనలయెడ ద్వేషమెట్లుండును? ఈబే లోకమెరిగిన పేరు. మన మండలములోని మహిళా సంఘము చేయు మామిడితాండ్ర పేరు హైదరాబాదులో ఎవరికి తెలియును? దాని విషయములో కొనువారు దాదాపుగా అందరును క్రొత్తవారే. కావున చిన్న సంఘమునకు చెల్లింపు ప్రకటన ఉపయోగపడవచ్చును. అది సంఘము పేరుకు గాక, సరకు పేరుకు పెట్టినప్పుడు.

సంఘము పేరుకును ప్రకటన పెట్టవలసిన సందర్భము ఒకటి కలదు. మన పేరునే పోటీదారు పాడి, మనలను వెదకువారిని తన దుకాణమునకు మళ్లించుకొనవచ్చును. ఇట్టి తగవులు మన దేశములోను కోర్టులకెక్కినవి. సామానులు చేరవేయు వ్యాపారమునందున్న డి.ఆర్.ఎస్. లాజిస్టిక్స్ సంస్థకును గూగుల్‌కును నడచిన వ్యాజ్యములో, రిజిస్టరు చేసిన ట్రేడుమార్కును ప్రకటన మాటగా పాటపెట్టుట ఆ మార్కును వినియోగించుటయే యగుననియు, అట్టి అమ్మకములో గూగుల్ కేవలము ఊరక చూచుచుండు మధ్యవర్తి కాదనియు ఢిల్లీ హైకోర్టు 2023 ఆగస్టులో పలికినది. వినియోగమైనంత మాత్రమున ప్రతిదియు నేరము కాదు. కొనువారు భ్రమపడునట్లున్నచో అతిక్రమణమగును. సంఘము తన మార్కును రిజిస్టరు చేసికొనియుండుట ఇట్టిచోట అక్కరకు వచ్చును.

పైనున్నదెల్ల నమ్మదగినది కాదు

2016 ఏప్రిల్‌లో చైనా దేశమున 21 ఏండ్ల కళాశాల విద్యార్థి యొకడు అరుదైన క్యాన్సరు వ్యాధితో మరణించెను. ఆ దేశములో ప్రసిద్ధమైన బైడు శోధన యంత్రములో చికిత్సకై వెదకి, పైన కనుపించిన ఆస్పత్రిని నమ్మి, కుటుంబము కూడబెట్టినదియు అప్పు తెచ్చినదియు అచ్చట వెచ్చించిరి. ఆ చికిత్స ఫలింపలేదు. ఆ స్థానము ఆస్పత్రివారు సొమ్ము చెల్లించి కొన్నది. అతడు వ్రాసి యుంచిన మాటలు మరణానంతరము దేశమంతట వ్యాపించి సంచలనము కలిగించెను. ప్రభుత్వము విచారణ జరిపి, సొమ్మును మాత్రమే చూచి ఫలితములను పేర్చరాదనియు, ప్రకటనలు పుటలో 30 శాతమునకు మించరాదనియు, వానిని స్పష్టముగ గుర్తింపవలెననియు ఆదేశించినది.

వైద్యము విషయములో మన గ్రామస్థులును ఇదే తీరున వెదకుచున్నారు. మోకాళ్ల నొప్పులు, సంతానము లేమి, మూత్రపిండములలో రాళ్లు అని వెదకినచో ముందు వచ్చునది మంచి వైద్యుని పేరని తలంచుట సహజము. ముందు వచ్చినది సొమ్మిచ్చిన ఆస్పత్రి కావచ్చును. అది మంచిదే కావచ్చును, కాకపోవచ్చును; ఆ స్థానమును చూచి ఏ సంగతియు చెప్పజాలము. ఆశ కార్యకర్తలు, ఎ.ఎన్.ఎం.లు ఈ మాటను ఇంటింట చెప్పినచో మేలు.

అట్లని సహజ ఫలితమంతయు సత్యమని అనుకొనరాదు. 2018లో మహారాష్ట్రములో మోసగాండ్రు ఒక బ్యాంకు శాఖలకు గూగుల్ మ్యాపులోనున్న ఫోను నంబర్లను మార్చి, తమ నంబర్లను చేర్చినట్లు పోలీసులకు ఫిర్యాదులు వచ్చినవి. అచ్చట ప్రకటన లేదు, పాట లేదు. సమాచారమును ఎవరైనను సవరింప సూచించుటకు వీలున్న సౌకర్యమునే దొంగలు వాడుకొనిరి. కావున బ్యాంకు నంబరు పాసుపుస్తకముపైనను, ఏటీఎం కార్డు వెనుకను చూచుట క్షేమము. గ్యాసు నంబరు రసీదుపై నుండును. మోసము జరిగిన వెంటనే 1930 నంబరునకు ఫోను చేసినచో, సొమ్ము చేతులు మారకముందే నిలిపివేయు అవకాశము కలదు. గంటలు గడచినకొలది ఆ అవకాశము తగ్గిపోవును. ఈ ఒక్క నంబరును పంచాయతీ కార్యాలయము గోడపై పెద్ద అక్షరములతో వ్రాయించుటకు పెయింటరు కూలి తప్ప వేరు ఖర్చు లేదు.

ప్రభుత్వ సేవలలోను ఇట్టి చిక్కు కలదు. చిన్న పరిశ్రమల నమోదుకై 2020 జూలై 1న ప్రారంభమైన "ఉద్యమ్" రిజిస్ట్రేషనుకు ఏ రుసుమును లేదు. అయినను దానిని వెదకునపుడు, ప్రభుత్వపు పుటవలె కనుపించుచు రుసుము గైకొను ప్రైవేటువారి పుటలు ఎదురగుట కలదు. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వముల పుటల చిరునామా సాధారణముగ "గవ్ డాట్ ఇన్" అని ముగియును. పిండిమరకో, పచ్చళ్ల తయారీకో నమోదు కోరు మహిళలకు ఈ గుర్తు ముందుగా తెలుపవలెను. ప్రకటనను ప్రకటన వలె గాక వార్తవలెనో, మరియొక సమాచారమువలెనో మారువేషములో చూపుట మోసపు పద్ధతులలో నొకటియని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న జారీచేసిన మార్గదర్శకములలో చేర్చినది.

సొమ్ము లేకయే చేయదగిన పని

సహజ ఫలితములలో పైకి వచ్చుటకు మంత్రమేదియు లేదు. మొదటి స్థానమునకు హామీ ఎవ్వరును ఇయ్యజాలరని గూగుల్ సంస్థయే తన పుటలలో వ్రాసినది. అందుచే "హామీ" అను మాట పలికిన దళారిని కాఫీ యిచ్చి సాగనంపవచ్చును. చేయదగిన పనులు మాత్రము కలవు, వానిలో పెక్కు పంచాయతీ సహాయముతో సులభముగ నెరవేరునవి.

మొదట ఊరి పేరు, జిల్లా పేరు. ఇది చిన్న సంగతిగా తోచును గాని కాదు. తెలంగాణములో 2016 అక్టోబరులో 10 జిల్లాలు 31 అయి, 2019లో 33 అయినవి. ఆంధ్రప్రదేశములో 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 అయినవి. పోచంపల్లి నల్లగొండ జిల్లానుండి యాదాద్రి భువనగిరి జిల్లాకు వచ్చినది. బనగానపల్లె కర్నూలునుండి నంద్యాల జిల్లాలోనికి మారినది. పాత జిల్లా పేర్లతోనున్న పుటలు నేటికిని వేలకొలది మిగిలియున్నవి. శోధన యంత్రము ఒకచోట ఒక జిల్లాను, వేరొకచోట వేరొక జిల్లాను చదివి, ఇవి రెండూళ్లో ఒకే యూరో తేల్చుకొనలేదు. ఒకే పేరుగల గ్రామములు మనకు కొదువ లేవు గదా. సంఘపు బోర్డుపై, బిల్లు పుస్తకముపై, వెబ్ పుటపై, మ్యాపులో గ్రామము, మండలము, జిల్లా, పిన్‌కోడు ఒకే తీరున వ్రాయించుట మొదటి పని.

రెండవది మ్యాపులో నమోదు. "గూగుల్ బిజినెస్ ప్రొఫైల్" అను ఈ నమోదుకు రుసుము లేదు. దగ్గరలోనున్న దుకాణములను వెదకినపుడు, వెదకిన విషయమునకు పొందిక, దూరము, ప్రసిద్ధి అను మూడింటిని ముఖ్యముగ చూచి యంత్రము వరుస పేర్చును. దూరమును మనము మార్చలేము. పొందిక మన చేతిలోనిది: ఏమి అమ్ముదుమో, ఏ వేళల తెరచియుందుమో, ఏ వారము సెలవో సరిగా వ్రాయుట. ప్రసిద్ధి కొన్నవారి అభిప్రాయములతో పెరుగును. అయితే బంధువులచేత, కూలిమనుషులచేత పొగడ్తలు వ్రాయించుట నిబంధనలకు విరుద్ధము, బయటపడినచో ఉన్నదియు పోవును.

మూడవది సిఫారసు. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు లభించినది. 2021లో భూదాన్ పోచంపల్లి ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థవారి ఉత్తమ పర్యాటక గ్రామముల జాబితాలో చేరినది. బనగానపల్లె మామిడికి భౌగోళిక గుర్తింపు 2017లో వచ్చినది. ఇట్టి గౌరవము పొందిన గ్రామము పేరు ప్రభుత్వ పుటలలోను, విశ్వవిద్యాలయముల పుటలలోను, పత్రికలలోను తనంతట తాను చేరును. అవి శోధన యంత్రము దృష్టిలో పెద్దరైతు సిఫారసులు. అట్టి గుర్తింపు లేని ఊళ్లుకూడ జిల్లా వెబ్‌సైటులో తమ సరకును గూర్చి నాలుగు వాక్యములు చేర్పుమని కలెక్టరు కార్యాలయమును కోరవచ్చును. సొమ్ము పెట్టి ఇట్టి సిఫారసులను కొనిపెట్టెదమను దళారులుందురు. కొన్న సిఫారసులను గూగుల్ నిబంధనలు నిషేధించుచున్నవి.

సహజ మార్గము నిదానమైనది. ఫలితము కనుపించుటకు నెలలు పట్టును. సంక్రాంతి ముందర సరకు అమ్ముకొనవలసిన సంఘము ఆగలేదు. అప్పుడు చెల్లింపు ప్రకటన అవసరము కావచ్చును. ఎంతవరకు చెల్లింపవచ్చునో ఊహాంకెలతో చూతము. చీర ఒక్కింటికి సంఘమునకు మిగులు 600 రూపాయలనుకొందము. నూరుగురు నొక్కినచో ఇద్దరు కొందురనుకొందము. వచ్చు మిగులు 1,200 రూపాయలు. కావున నొక్కుకు 12 రూపాయలు దాటినచో నష్టము. ఆ ఇద్దరిలో ఒకరు ప్రకటన లేకున్నను సహజ ఫలితము చూచి వచ్చియుండెడివారే యైనచో, ప్రకటన వలన నిజముగ వచ్చినది 600 రూపాయలే. అప్పుడు నొక్కుకు 6 రూపాయలు మించరాదు. దళారి తెచ్చు నెలసరి నివేదికలో ఇరువురును ప్రకటన ఖాతాలోనే వ్రాయబడియుందురు.

ఆ రెండవ మనిషి సంగతి తెలిసికొనుటకు ఎరువు మడి పరీక్షయే మార్గము. ప్రకటనను ఏ ఊళ్లవారికి చూపవలెనో నిర్ణయించు సదుపాయము కలదు. ఒక నెల విశాఖపట్టణము, విజయవాడలలో చూపి, వరంగల్లు, తిరుపతులలో నిలిపివేసి, ఆర్డర్లు ఏ ఊరినుండి ఎన్ని వచ్చినవో పుస్తకములో వ్రాయవలెను. మరుసటి నెల తారుమారు చేయవలెను. సంఘపు గుమాస్తా ఒక్కడు ఈ పని చేయగలడు. చిన్న సంఘములలో ఆర్డర్లు కొద్దిగా నుండుటచే రెండు నెలలలో లెక్క స్పష్టముగ తేలకపోవచ్చును. అట్టిచో ఇంకొక రెండు నెలలు నడిపింపవలెను.

దళారిని పెట్టుకొన్నచో ఒప్పందములో మూడు షరతులు ఉండునట్లు పాలకవర్గము చూచుకొనవలెను. ప్రకటన ఖాతాయు, మ్యాపు నమోదును సంఘము పేరిటనే యుండవలెను, వాని తాళములు అధ్యక్షుని వద్దను కార్యదర్శి వద్దను ఉండవలెను. దళారి పేరిట నున్నచో అతడు విడిచిపోవునాడు సంఘపు పేరుకూడ అతనితో పోవును. గూగుల్‌కు చెల్లించిన సొమ్మును, దళారి కూలిని వేరువేరు పద్దులుగ చూపవలెను. ఏయే మాటలకు ఎన్ని నొక్కులు వచ్చి, ఎంత ఖర్చయినదో తెలుపు పట్టికను నెలనెల ఇయ్యవలెను. ఈ పట్టిక ఖాతాలో దానంతట అదియే తయారగును; దళారి వ్రాయవలసినది ఏమియు లేదు, చూపుటకు ఇష్టపడవలెను, అంతే.